అంబులెన్సు వచ్చేదాకా

బాక్సింగ్ పోటీలు పెట్టి బతికే ఆయన్ని అందరూ ఆర్భాటం అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. రింగు చుట్టూ రంగు దీపాలకీ, బాక్సర్ నడిచొచ్చేటప్పుడు కమ్మే పొగకీ డబ్బు మంచినీళ్ళలా ఖర్చు పెడతాడు. అంబులెన్సు మాత్రం ఒకటి చాలంటాడు. పైన పటారం, లోన లొటారం అని వాళ్ళక్క ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. ఆ అక్కే రింగు డాక్టరు. రెండో బండి పెట్టించరా అని ఆమె, వచ్చేసారి చూద్దామక్కా అని ఈయన. ఆ వచ్చేసారి ఎప్పుడూ రాలేదు.

అక్కది ఒకటే మాట. బండి గుమ్మంలో లేకపోతే గంట మోగకూడదు.

ఆ సాయంత్రం పెద్ద పోటీకి ముందు పోటీలో గెలిచిన కుర్రాడు చేతులెత్తి జనానికి దండం పెట్టి, వెళ్ళి ఎదుటివాడి మూలలో, ఎదుటివాడి స్టూలు మీద కూర్చున్నాడు. జనం నవ్వారు. అక్క నవ్వలేదు. కళ్ళలో లైటు వేసి చూసి అతన్ని వెంటనే ఉన్న ఒక్క అంబులెన్సూ ఎక్కించి పంపేసింది.

గెలిచినవాడికి ఆస్పత్రి ఏమిటని ఆర్భాటం మొత్తుకున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ పెట్టిన పోటీలవి. పెద్ద పోటీ జరక్కపోతే టీవీవాళ్ళు పైసా ఇవ్వరు, ఇల్లు దక్కదు. జనం ఈలలు వేస్తున్నారు. కోచ్‌లిద్దరూ మొదలుపెట్టేద్దామనే అన్నారు. ఆయన అక్క చేతులు పట్టుకున్నాడు.

“ఒక్కసారికి చూసీ చూడనట్టు ఊరుకో అక్కా. రోడ్డున పడతాను.”

“నువ్వు రోడ్డున పడితే నా ఇంటికి రా. ఆ పిల్లలు రింగులో పడితే ఒట్టి చేతుల్తో నేనేం చెయ్యనురా?”

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆ చేతులే. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ అక్క దగ్గర అది దిగిపోతుంది. మైకు తీసుకుని, బండి వచ్చేదాకా పోటీ లేదని చెప్పేశాడు. జనం నోటికొచ్చినట్టు తిట్టారు. టీవీవాళ్ళు కాసేపు చూస్తామన్నారు.

వాళ్ళు సామాను సర్దుకునేలోపే బండి తిరిగొచ్చింది. కుర్రాడి మెదడులో రక్తం చేరిందనీ, వేళకి తెచ్చారు కాబట్టి గండం గడుస్తుందన్నారనీ డ్రైవరు చెప్పాడు. అక్క బండెక్కి లోపలి సామాను మళ్ళీ సరిచూసుకుంది.

ఆర్భాటం పెద్ద పోటీ బాక్సర్‌ని పిలవడానికి స్వయంగా పరిగెత్తాడు. పోస్టర్ల మీద అతని పేరు పిడుగు. చేతులకి గుడ్డలు చుట్టుకుని బల్ల మీద కూర్చున్న పిడుగు లేవలేదు. తలుపు వెయ్యమన్నాడు.

“వారం నుంచి ఒకటే తలనొప్పి సార్. కోచ్‌కి చెప్పలేదు, డాక్టరమ్మకీ చెప్పలేదు. చెబితే స్కాన్ తీయించుకోమంటారు, ఆ డబ్బు మేమే పెట్టుకోవాలి కదా. ఇందాక బండి లేదని మీరు పోటీ ఆపారు. మీకైతే చెప్పొచ్చు అనిపించింది.”

ఆర్భాటం తలుపు వైపు చూశాడు. బయట జనం పిడుగు, పిడుగు అని అరుస్తున్నారు. ఈ సంగతి తమ ఇద్దరికీ తప్ప నరమానవుడికి తెలియదు. నోరు మెదపకుండా ఉంటే ఇల్లు దక్కుతుంది. ఆయన ఆ మాట ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆలోచించాడు.

తర్వాత నేల మీద చతికిలబడి, పిడుగు చేతుల గుడ్డలు విప్పడం మొదలుపెట్టాడు. అలవాటు లేని పని, వేళ్ళు తడబడ్డాయి. పిడుగు చిన్నపిల్లాడిలా చేతులు చాపి ఉంచాడు.

“స్కాన్ డబ్బు ఎవరు కడతారు సార్?”

“నేను. నీకే కాదు, నా రింగు ఎక్కే ప్రతివాడికీ. ముందు లే నాన్నా.”

అంబులెన్సులో పిడుగు కళ్ళలో అక్క లైటు వేసి చూస్తున్నంతసేపూ అతను ఆర్భాటం చేతిని తన రెండు చేతుల్తో గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ఆర్భాటం రెండో చెయ్యి అతని వీపు నిమురుతోంది. జేబులో టీవీవాళ్ళ ఫోను మోగుతూనే ఉంది. తీయడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.