రాయి మీద ఏకగ్రీవం

ఆ ఏడాది మొదట్లో పలకలాయన చేతిలో ఉన్నవి ఇవి: మార్కెట్ హాలు పక్కన అద్దె కొట్టు, ఒక కోత యంత్రం, వానకు రంగు మారిన తెల్లరాళ్ళు ఆరు, మచ్చలేని నల్లరాతి పలక ఒకటి. వీటికి తోడు ఒక బావమరిది. అతన్ని లాభం కింద రాసుకోవాలో నష్టం కింద రాసుకోవాలో పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయనకు తేలలేదు.

ఆశంతా ఆ నల్లపలక మీదే. ఆరడుగుల పొడవు, ఎక్కడా చార లేదు. అలాంటిది మళ్ళీ కావాలంటే క్వారీ చుట్టూ ఏడాది తిరగాలి. మార్కెట్ హాలు గోడకు శిలాఫలకం పెట్టాలని మునిసిపాలిటీ తీర్మానించగానే, దాన్ని కొట్టు ముందుకు జరిపించి, దారిన పోయేవాళ్ళ మొహాలు కనిపించేంతగా తుడిచి నిలబెట్టాడు. పని ఆయనకే వచ్చింది. వెనకాలే గొడవా వచ్చింది.

ఎనభై ఏళ్ళ కిందట యుద్ధంలో శత్రు సైన్యం ఏటి అవతలికి చేరినప్పుడు, ఊరి పెద్దలు ఆ హాల్లో కూడి ఏదో నిర్ణయించారు. అంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. ఏం నిర్ణయించారన్న దగ్గర ఊరు రెండుగా చీలింది. బావమరిది కార్యదర్శిగా ఉన్న వీరుల సంఘం, పోరాడాలని నిర్ణయించారంటుంది. రిటైరైన చరిత్ర మాస్టారు నడిపే ఓటు సంఘం, ఏం నిర్ణయిస్తేనేం, ఓటు వేసి నిర్ణయించారు, రాజధానిలో ఇంకా రాజుగారి మాటే చెల్లే రోజుల్లో ఈ దేశపు ప్రజాస్వామ్యం ఇక్కడ పుట్టింది అంటుంది. రెండు సంఘాలూ ఒప్పుకున్న మాటలే చెక్కమని పలకలాయనకు ఒక కాగితం పంపి మునిసిపాలిటీ చేతులు దులుపుకుంది.

రాతిపనిలో ఒక కట్టుబాటు ఉంది. చెక్కాల్సిన మాటలు ముందు కాగితం మీద రాసి, రాయించుకునేవాళ్ళ సంతకం పడ్డాకే ఉలి పట్టాలి. తండ్రి దగ్గర నేర్చుకున్న ఈ పద్ధతిని పలకలాయన ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారి తప్పాడు. రెండు సంఘాలూ తమకు కావాల్సిన మాటలు రాసి పంపిన కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి లైను అక్షరం తేడా లేకుండా ఒకటే: "ఈ హాల్లో మన పెద్దలు ఏకగ్రీవంగా". ఆ తర్వాతే వీరులు ఒక దారి, ఓటర్లు ఒక దారి. తేలని మాట కోసం తేలిన మాటను ఎందుకు ఆపాలి, రెండు రోజుల పని కలిసొస్తుంది కదా అని లెక్క వేసుకుని ఆ లైను చెక్కేశాడు.

"సంతకాలయ్యాయా?" అంది భార్య, అన్నం క్యారేజీ బల్ల మీద పెడుతూ.

"ఈ లైనుకు అక్కర్లేదు. ఇద్దరూ అదే రాశారు."

"మా తమ్ముడూ మాస్టారూ ఒకే మాట అన్నారా? అయితే అందులో ఏదో తేడా ఉంది. ఇవాళ వారమేమిటో కూడా వాళ్ళిద్దరూ ఒప్పుకోరు."

మూడో రోజున నర్సమ్మ వచ్చింది. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన ఎనభై ఏళ్ళ మనిషి. పలక ముందు నిలబడి, కళ్ళజోడు సవరించుకుని ఆ లైను చదివింది.

"ఏకగ్రీవమని నీకెవరు చెప్పార్రా?"

"అందరూ చెప్పారమ్మా."

"ఆ అందరూ అప్పటికి పుట్టలేదు. నేను ఆ వారమే పుట్టాను. ఆ రోజు ఓట్లు రాసుకున్నది మా నాన్న."

సంచిలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తీసి ఇచ్చింది. వంతెన పేల్చేసి పోరాడాలా, వంతెన ఉంచి సైన్యాన్ని దాటిపోనివ్వాలా అన్నది ప్రశ్న. ఉంచాలన్నవారు అరవై ముగ్గురు. పేల్చాలన్నవారు పదకొండు మంది. అందరి పేర్లూ ఉన్నాయి.

పలకలాయన ముందు తన తాత పేరు వెతికాడు. తాత తుపాకీ పట్టుకుని ఒంటరిగా వంతెనకు అడ్డం నిలబడ్డాడని ఇంట్లో చెప్పుకునేవారు. అరవై ముగ్గురిలో నాలుగో పేరు ఆయనది. తర్వాత తల తిప్పి తన పలకను చూసుకున్నాడు. 'ఏకగ్రీవంగా' అన్న మాట సగం గోరు దిగేంత లోతుగా ఉంది.

"ఇది ఇంకెవరికైనా చూపించారా?"

"ఎవరడిగారు? అందరికీ ముందే తెలుసుగా."

"పోనీ ఇంకొన్నాళ్ళు మీ పెట్టెలోనే..."

"ఉంచేదాన్నే. నోటితో ఎంతమంది ఏమన్నా ఊరుకున్నాను. రాయి మీద పడితే ఇక అదే నిజమైపోతుంది. నిన్ను భూమ్మీద పడేసిన చెయ్యి ఇది, నీ చేత అబద్ధం చెక్కిస్తానా?"

పుస్తకం ఉన్నపళంగా బయటపెడితే దొంగ పుస్తకమంటారని పలకలాయనకు తెలుసు. బేరంలో ముందు ఎదుటివాడి నోట ధర చెప్పించాలి. అందుకని కొట్టు ముందు ఒక కాగితం అంటించాడు: ఆ రోజు మీ తాత ఓటు ఎటు? తాత పేరు, పక్షం, మీ సంతకం. నాలుగు రోజుల్లో కాగితానికి ఇంకో రెండు కాగితాలు అతికించాల్సి వచ్చింది.

ఆదివారం రెండు సంఘాలనూ కొట్టు దగ్గరికి పిలిచాడు.

"ఒకే తాతను ఇద్దరు రాస్తే ఒకటిగానే లెక్క పెట్టాను. పోరాడాలన్న తాతలు నూట ముప్పై ఎనిమిది. వద్దన్న తాతలు ఒక్కరూ లేరు."

"చూశావా బావా, ఏకగ్రీవమే" అన్నాడు బావమరిది.

"ఓటు వేసినవాళ్ళు మొత్తం డెబ్బై నలుగురే" అని పలకలాయన నోటుబుక్కు తెరిచాడు. "మా తాత నాలుగో పేరు. వంతెన ఉంచాలన్నాడు."

"భయపడ్డాడన్నమాట" అన్నాడు బావమరిది.

"పడే ఉంటాడు. పదిహేనో పేరు మీ తాతది. మాస్టారూ, మీ తాతగారు ఇరవై రెండు."

మాస్టారు పుస్తకం లాక్కుని, కాగితం వాసన చూసి, సిరా వెలుతురుకు పట్టి చూసి, తిరిగిచ్చేశారు.

"కింద ఇంకో మాట ఉంది, అదీ చదువు" అంది నర్సమ్మ.

ఓడిన పదకొండు మందీ తాము దాచిన మందుగుండు పెట్టెలను తామే మోసుకెళ్ళి ఏట్లో పారేశారని ఉంది. ఆ పదకొండులో చివరి పేరు ఆ పుస్తకం రాసినవాడిదే.

"మీ నాన్నగారా?" అన్నాడు బావమరిది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"ఇంట్లో మా అమ్మకు నొప్పులు. అయినా పేల్చాలన్నాడు. ఓడాక తిట్టుకుంటూనే పెట్టెలు మోశాడట. గొప్పగా చెప్పాలా, సిగ్గుపడి చెప్పాలా నాకు తెలియలేదు. ఊరుకున్నాను."

"మరి ఈ రాయి?" అన్నారు మాస్టారు.

మొహమంతా అరగదీస్తే బీట పడొచ్చు, పడితే పలక పోయినట్టే. పలకలాయన సుద్దముక్క తీసుకుని, చెక్కిన లైను కింద రాయడం మొదలుపెట్టాడు.

"ఈ హాల్లో మన పెద్దలు ఏకగ్రీవంగా ఏదీ తేల్చలేదు. వంతెన ఉంచాలని అరవై మూడు ఓట్లు, పేల్చాలని పదకొండు. ఓడినవారు తమ మందుగుండును తామే ఏట్లో పారేశారు."

"ప్రజాస్వామ్యం అన్న మాటే లేదే" అన్నారు మాస్టారు.

"చోటు లేదండీ."

"వీరులన్న మాట?" అన్నాడు బావమరిది.

"దానికీ లేదు. మీ ఇద్దరికీ సమానంగా చోటు లేదు."

ఆ మాటల మీద రెండు సంఘాలవాళ్ళూ అక్కడే ఓటింగు పెట్టారు. నలభై ఒకటికి తొమ్మిది. ఆ తొమ్మిదిలో బావమరిది ఒకడు. అయినా పలకను గోడకెత్తే రోజున పొద్దున్నే వచ్చి, బరువున్న కొస పట్టుకున్నాడు.

"ఇది తప్పు బావా. నా మాట రాసిపెట్టుకో."

"సంతకం పెట్టావుగా. ఎడమవైపు కాస్త ఎత్తు."

ఆ పని వల్ల పలకలాయనకు చివరికి మిగిలినవి: చెప్పిన కూలి, రెండు సంఘాల నుంచి చెరొక రెండు పేజీల ఫిర్యాదు ఉత్తరం, సంతకం లేకుండా ఉలి పట్టనని భార్య ముందు వేసిన ఒట్టు. తుపాకీ పట్టిన తాత చేజారిపోయాడు. ఆయన బదులు, భయపడి, ఓటు వేసి, ఇంటికి వెళ్ళి పడుకున్న తాత వచ్చాడు. ఈయనకు రుజువుంది. పలకలాయన దాన్ని లాభం కిందే వేసుకున్నాడు.