వదిలితే తిరిగొచ్చే స్టీరింగు

పాత పికప్ షెడ్డు ముందు ఆగేసరికి బారెడు పొద్దెక్కింది. నడిపింది అమ్మడు. ఆ చివర కిటికీ పక్కన నాన్న, మధ్యలో ఇరుక్కుని అమ్మ. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు. అమ్మడికి ఎలాగూ నోట్లో నాలుక లేదంటారు. ఆ రోజు మిగతా ఇద్దరికీ లేనట్టే ఉంది.

షెడ్డు పానా మావయ్యది. చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు పడింది. అమ్మకి వేలు విడిచిన అన్న. నాన్నకి అంతకంటే ముందు నుంచీ స్నేహితుడు.

"రా బావా. ముసలిదాన్ని తెచ్చావా?" అన్నాడు.

"ఏ ముసలిదాన్ని?" అంది అమ్మ.

"బండినమ్మా తల్లీ. నిన్నంటే నాకు ఈ పూట కాఫీ పుడుతుందా?"

నాన్న నవ్వలేదు. ఎడమ చేత్తో తలుపు తెరుచుకుని, కుడి చేతిని ఒళ్ళోంచి తీసి, పక్కకి వేలాడదీసి దిగాడు.

చలికాలంలో ఒక పొద్దున ఆయనకి కుడి పక్క పడిపోయింది. మందులతో మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం సగం దారిలో ఆగిపోయింది. పట్టుకోమంటే పట్టుకుంటుంది, ఆ తర్వాత ఏం చెయ్యాలో మరిచిపోతుంది. అప్పటినుంచి కొండ మీది ఇళ్ళకి దాణా బస్తాలు, గ్యాసు సిలిండర్లు అమ్మడే తీసుకెళుతోంది. కొత్తగా లైసెన్సు వచ్చింది, బండి తోలడం వచ్చు. కానీ ఆ బండి నాన్నది. ఇంటికి పేరు ఆ బండి వల్ల వచ్చింది. నాలుగు చక్రాలూ నేలని పట్టుకుని ఎక్కుతుంటే, వానాకాలంలో ఆ కొండకి మరో బండి పోయేది కాదు.

"ఏమిటి దీని రోగం?" అడిగాడు మావయ్య.

"స్టీరింగు బరువు. పవర్ స్టీరింగు పెట్టు. స్టీరింగు చక్రానికి ఒక గుబ్బ కూడా బిగించు, ఎడమ చేత్తో గిర్రున తిప్పేలా. గేరు వేసే క్షణంలో కుడి చెయ్యి పట్టుకుంటే చాలు. తేలిగ్గా ఉంటే పట్టుకుంటుంది," అన్నాడు నాన్న. ఆ మాటల్ని ఎన్నాళ్ళుగా మనసులో పేర్చుకున్నాడో, ఎక్కడా తడబడలేదు. "వచ్చే నెల నుంచి నేనే ఎక్కుతా."

అమ్మడు నేలకేసి చూసింది. కొండ దిగేటప్పుడు ఆ బండి ఖాళీగా రాదు. వెనక బడి పిల్లలు ఎక్కుతారు. లోయ పక్క వంపులో గేరు తగ్గించడం, స్టీరింగు తిప్పడం రెండూ ఒకేసారి చెయ్యాలి.

"నువ్వేమంటావు కోడలు పిల్లా? రోజూ తోలేది నువ్వేగా?"

"వంపు తిరిగాక స్టీరింగు తిరిగి రాదు మావయ్యా. మనమే లాక్కోవాలి."

"అది నీకు అలవాటు లేక," అన్నాడు నాన్న.

మావయ్య ఎవరి మాటా కాదనలేదు. ఆయన పద్ధతి వేరు. స్టీరింగు బాధతో ఏ బండి వచ్చినా ముందు విప్పడు. ఒకర్ని సీట్లో కూర్చోబెట్టి చక్రాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం ఆడించమంటాడు. తను కింద పడుకుని, ఒక్కో జాయింటు మీదా అరచెయ్యి వేసి, ఎక్కడ కదలిక చచ్చిపోతోందో చూస్తాడు. "వైద్యుడు నాడి చూడకుండా సూది గుచ్చుతాడా?" అంటాడు.

"నేను కూర్చుంటా. కుడి చేత్తోనే ఆడిస్తా. చూద్దువుగాని," అన్నాడు నాన్న.

ఎక్కి కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి చక్రం మీద పెట్టుకున్నాడు. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నాడు. అద్దంలోంచి సూటిగా రోడ్డుకేసి చూస్తున్నాడు, ఎప్పుడూ చూసినట్టే. తెరిచిన తలుపు దగ్గర, ఆ చేతికి పక్కగా, అమ్మడు నిలబడింది.

"ఊఁ, తిప్పు," అన్నాడు కింద నుంచి మావయ్య.

"తిప్పుతున్నా."

చక్రం కదల్లేదు.

"తిప్పు బావా."

"తిప్పుతున్నానుగా."

ఆయన అబద్ధం ఆడటం లేదు. మెడ నరాలు తేలాయి, భుజం వణుకుతోంది, నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి మాత్రం కొక్కేనికి తగిలించిన చొక్కాలా చక్రం మీద ఉంది. షెడ్డు గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మడు ఆలోచించలేదు. చెయ్యి చాపి, ఆయన చూపు పడని చక్రం అడుగు భాగాన్ని అరచేత్తో నెట్టింది. బరువుగా కదిలింది. వెనక్కి లాగింది. మళ్ళీ నెట్టింది.

"ఆఁ. ఇదిగో, దొరికింది," అన్నాడు మావయ్య.

నాన్న ముఖం వెలిగింది. తన చేతి కింద చక్రం ఆడటం ఆయన చూశాడు. "చూశావా? మొండికేస్తుంది గానీ, చచ్చిపోలేదు," అన్నాడు అమ్మతో. అమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ ఇంట్లో చలికాలం తర్వాత అదే మొదటి నవ్వు.

మావయ్య బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు. "ఇక్కడ ముందు చక్రాల్ని కలిపే టై రాడ్డు చివర జాయింటు వదులైపోయింది. స్టీరింగు బాక్సేమో ఊపిరాడకుండా బిగిసిపోయి ఉంది. ఇవి రెండూ సరిచేసి పవర్ పంపు ఎక్కిద్దాం. నీ చెయ్యి ఆ మాత్రం పనిచేస్తోందిగా." పంపు ఎక్కడ కూర్చుంటుందో చూడటానికి ఇంజను మూత ఎత్తాడు.

అమ్మడు అమ్మకేసి చూసింది. అమ్మ నవ్వుతూనే ఉంది. బడి పిల్లల్లో ఒకతి ఎప్పుడూ వెనక తలుపు దగ్గరే కూర్చుంటుంది, జడ గాలికి ఎగురుతుంటే ఆ పిల్లకి సరదా. లోయ పక్క వంపు. గేరు మీద నాన్న ఎడమ చెయ్యి. చక్రం మీద ఆ చెయ్యి.

"మావయ్యా, ఇంకోసారి చూడు," అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ అంది.

"చూశాగా అమ్మడూ."

"ఇంకొక్కసారి."

మావయ్య ఆమె ముఖం చూసి, మళ్ళీ కిందికి దూరాడు. నాన్న హుషారుగా చెయ్యి చక్రం మీద పెట్టుకున్నాడు. అమ్మడు తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. అమ్మ పక్కకి వెళ్ళి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"తిప్పు బావా."

చక్రం కదల్లేదు. పక్క వీధిలో ఎవరో రేకు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నాన్న చాలాసేపు తన చేతిని చూశాడు. తర్వాత, చేతులు వెనక్కి కట్టుకున్న కూతుర్ని చూశాడు.

"ఇందాక నువ్వా?"

అమ్మడు తలూపింది. "నీకు చిన్నతనంగా ఉంటుందని... తప్పు చేశాను నాన్నా."

అమ్మ అమ్మడి చెయ్యి పట్టుకుంది. తిడుతుందేమోనని అమ్మడు అనుకుంది. ఆవిడ గట్టిగా పట్టుకుందంతే.

నాన్న దిగాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి ముందుకొచ్చాడు. బయటికొచ్చిన మావయ్య గోనె పట్టా పరిచాడు.

"నువ్వెక్కు," అన్నాడు నాన్న అమ్మడితో.

మావయ్య భుజం ఆసరా ఇచ్చి నాన్నని బండి కింద పడుకోబెట్టాడు. కింద నుంచి నాన్న గొంతు వచ్చింది, "ఆడించమ్మా." అమ్మడు ఆడించింది. "కొంచెం ఆగి. ఆఁ, అలా." ఆయన ఎడమ చెయ్యి ఒక్కో జాయింటూ తడుముతూ పోయి, రాడ్డు చివర ఆగింది.

"ఇక్కడ లోపల కొట్టుకుంటోంది రా."

"కొట్టుకోదూ మరి? వదులొచ్చినప్పుడల్లా నువ్వేం చేశావు?" అన్నాడు మావయ్య.

"బాక్సు మీది మర బిగించాను."

"అత్త మీద కోపం దుత్త మీద చూపించావు. వదులు రాడ్డు చివర్లో ఉంటే, నువ్వు బాక్సు పీక బిగిస్తూ వచ్చావు. నీ రెట్టల బలానికి నీకు తెలియలేదు. పాపం ఆ పిల్ల చెప్పింది, తిరిగి రావట్లేదని."

"చెప్పింది," అన్నాడు నాన్న. "నేనే వినలేదు."

ఆయన్ని లేపి బల్ల మీద కూర్చోబెట్టారు. అమ్మ ఆయన వీపు మీద మట్టి దులుపుతుంటే, కూతురికేసి చూశాడు. బండి విషయంలో ఆమెని ఆ మాట అడగటం అదే మొదటిసారి.

"నీకేం కావాలో చెప్పు."

అమ్మడు చక్రం మీద చేతులు తియ్యకుండానే ఆలోచించింది. "మరీ తేలిక చెయ్యొద్దు. కొండ మీద రాయి తగిలితే నా చేతికి తెలియాలి. వంపు తిరిగాక వదిలితే, దానంతట అది తిరిగి రావాలి. అంతే నాన్నా."

"అయితే జాయింట్లన్నీ కొత్తవి, రాడ్డు కాస్త లావుది, బాక్సు విప్పి మళ్ళీ సరిగ్గా కూర్చోబెడతా," అన్నాడు మావయ్య. "పంపు ఇప్పుడు వద్దు. బరువనిపిస్తే అప్పుడు చూద్దాం. ఊగుడు ఆపే డ్యాంపరు ఒకటి వెయ్యనా?"

"రోగం దాచేవి వద్దు," అన్నాడు నాన్న. కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని, "గుబ్బ కూడా వద్దు," అన్నాడు.

బండి షెడ్డు నుంచి వచ్చాక మొదటిసారి కొండెక్కిన రోజు నాన్న ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. ఎక్కేటప్పుడు ఒక్క సలహా ఇవ్వలేదు. సిలిండర్లు దింపుతుంటే ఒక ముసలావిడ వచ్చి, "ఏం బాబూ, కూతురు తోలుతుంటే దొరలా కూర్చున్నావే?" అంది.

"కూర్చోవడం నేర్చుకుంటున్నా పెద్దమ్మా. తోలడం కంటే కష్టం," అన్నాడు.

దిగేటప్పుడు బడి పిల్లలు ఎక్కారు. లోయ పక్క వంపు దగ్గర అమ్మడు గేరు తగ్గించి, చక్రం తిప్పి, బండి ముక్కు రోడ్డుకి తిరిగాక పట్టు సడలించింది. చక్రం ఆమె అరచేతుల్లోంచి మెల్లగా జారుతూ నడిమికి వచ్చి ఆగింది.

ఆమె నాన్నకేసి చూడలేదు. ఆయన కూడా చక్రాన్ని చూడలేదు. ముందున్న రోడ్డునే చూస్తున్నాడు.

"ఆ మలుపు అవతల గొర్రెలుంటాయి," అన్నాడు. "హారను కొట్టు."