బల్ల కింద పెడల్

ఉదయం ఎనిమిదింబావుకి ఆమె మళ్లీ బల్ల కిందికి దూరింది. పెడల్ వైరు పీకి, మళ్లీ గుచ్చి, పైకి లేస్తూ నెత్తి బల్లకి కొట్టుకుంది. నెల రోజులుగా ఇదే తంతు. కంప్యూటర్ ఆన్ చేయగానే పరికరాన్ని గుర్తించలేకపోయామని తెర మీద ఒక ముక్క ప్రత్యక్షమవుతుంది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన రోగుల వివరాలు విని టైప్ చేయడం ఆమె ఉద్యోగం. చేతులు టైప్ చేస్తుంటే, వినిపించే డాక్టరు గొంతుని ఆపడం, వెనక్కి తిప్పడం కాలి కింది పెడల్ పని. తొమ్మిదికల్లా మొదలుపెట్టకపోవడం ఇప్పటికి రెండుసార్లయింది. మూడోసారైతే ఆమె పని ఇంకొకరికి ఇస్తామని సూపర్‌వైజర్ మెత్తగానే చెప్పింది.

భర్త ఓ పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. పక్కింటివాళ్ల ప్రింటర్ మొరాయిస్తే చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుతాడు. ఇంట్లో అడిగితే, "కాలితో తన్ని ఉంటావు," అన్నాడు. వారం తర్వాత, "ఆదివారం చూస్తాలే." ఆదివారం, "ఇవాళైనా ప్రశాంతంగా ఉండనివ్వవా." అత్తగారు అందుకుని, "కాలితో తొక్కేదీ ఉద్యోగమేనా అమ్మా? మేమూ కుట్టుమిషన్ తొక్కాం, ఎవరూ ఉద్యోగం అనలేదు," అంది. అనలేదు కాబట్టే ఇంటిల్లిపాదీ ఆవిడ చేత ఊరికే బట్టలు కుట్టించుకున్నారు.

ఈరోజు ఎన్నిసార్లు గుచ్చినా పెడల్ పలకలేదు. ఆమెకి ఒళ్లు మండింది. వెళ్లి పొయ్యి ఆపేసి వచ్చింది. పెడల్ వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే, అది కంప్యూటర్‌కి ఒకే వైరుతో తగిలించిన నాలుగు రంధ్రాల చిన్న హబ్‌లో తేలింది. మిగతా మూడింట్లో ఛార్జింగ్‌కి పెట్టిన భర్త ఫోన్, చేతి గడియారం, ఒక బుల్లి ఫ్యాన్. ఒక్కొక్కటే పీకుతూ, ప్రతిసారీ కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఫోన్ తీసినా అదే ముక్క. గడియారం తీసినా అదే. ఫ్యాన్ కూడా తీశాక పెడల్ పలికింది. ఆన్ అయ్యేటప్పుడు అన్నీ ఒక్కసారే కరెంటు లాగేస్తుంటే పెడల్‌కి చాలడం లేదు.

"పెడల్‌ని నేను కంప్యూటర్ వెనకే నేరుగా పెట్టాను. ఈ హబ్‌లోకి ఎవరు మార్చారు?"

అతను అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "నేనే. నా కెమెరాకి వెనక చోటు కావాల్సొచ్చింది. హబ్‌లో పెడల్‌కి కరెంటు చాలదని నాకు తెలుసు. విసుగొచ్చి నువ్వే ఉద్యోగం మానేస్తావులే అనుకున్నా. పొద్దున్నే అమ్మ స్నానం, నా క్యారేజీ, అంతా హడావుడి అవుతోంది కదా."

నెల రోజులు. బల్ల కింద ఆమె పాకుతుంటే, ఆ కాళ్లు దాటుకుంటూ వెళ్లి అతను బూట్లు తొడుక్కున్నాడు. మతిమరుపు అనుకుంది, బద్ధకం అనుకుంది, ఆఫీసులో ఒత్తిడి అనుకుంది. అతని తరఫున సాకులన్నీ తనే వెతికిపెట్టింది. ఆ చాకిరీ తలుచుకుంటేనే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది.

కెమెరా పీకి పక్కన పెట్టింది. అక్కడ పెడల్ గుచ్చింది. ఎనిమిదీ యాభై మూడు. ఏడింటి షిఫ్టులో ఖాళీ ఉంది, వస్తారా అని మొన్న సూపర్‌వైజర్ అడిగితే ఇంట్లో కుదరదని చెప్పింది. ఇప్పుడు ఆవిడకి రాసింది: రేపటి నుంచి ఏడింటికి కూర్చుంటాను.

భుజం మీదుగా చూసిన భర్త, "ఏడింటికా? మరి అమ్మకి స్నానం?" అన్నాడు.

"మోకాలు నొప్పెట్టకుండా స్టూలు ఎక్కడ వేయాలో, నీళ్లు ఎంత వేడిగా ఉండాలో రాసిస్తాను," అంది ఆమె, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంటూ. "చేయించేది మీరే."