చాప మీద కూర్చుని చూస్తే

సింధూరికి పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు. ఉయ్యూరులో ఇంటి ముందుగదిలో పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ సొంతంగా మొదలుపెట్టాక ఇదే తొలి ఆర్డరు. సాయంత్రం పెళ్లికూతురి వాళ్లు వచ్చి, కంప్యూటర్లో పేజీలు చూసి సరేనంటే ప్రింటుకు వెళ్తుంది. వద్దంటే మళ్లీ పాత స్టూడియోలో జీతానికి చేరాల్సిందే. సరిగ్గా అలాంటి రోజే చూసుకుని డబ్బా మానిటరు ప్రాణం విడిచింది.

భర్త కిరీటిని వెంటేసుకుని బెజవాడలో ఓ కంప్యూటర్ షాపుకు వచ్చి పడింది. పల్చటి మానిటర్లు వరసగా వెలుగుతున్నాయి. ఇవి ఉండగా ఇన్నాళ్లూ ఆ డబ్బాతో కాపురం ఎలా చేశానా అనుకుంది.

"ఇది టీఎన్ ప్యానెలండీ, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు. అది ఐపీఎస్, కాస్త రేటెక్కువ" అన్నాడు షాపు యజమాని తిరుపతిరావు, కుర్చీ జరిపి.

కుర్చీలోంచి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. పని తొందరగా తెమిలితే చాలనుకునే కిరీటి టీఎన్‌కు బిల్లు రాయమన్నాడు. సింధూరి మాత్రం పెళ్లికూతురి ఫొటో రెండింటిలోనూ పెట్టించి, చీర సర్దుకుని, షాపు నట్టనడుమ నేల మీద చతికిలబడింది.

"అదేంటే, అందరూ చూస్తున్నారు" అన్నాడు కిరీటి సిగ్గుతో చచ్చిపోతూ.

"చూడనివ్వండి. మనింట్లో ఉన్న నాలుగు కుర్చీలూ మగాళ్లకే చాలవు. సాయంత్రం ఆడాళ్లంతా కూర్చునేది చాప మీదేగా."

కింద నుంచి చూస్తే టీఎన్‌లో పసుపు రాసిన ముఖం మసిబారిపోయింది. ఐపీఎస్‌లో పసుపు పసుపుగానే ఉంది. పక్కకు జరిగింది, మూలకు పోయింది. అయినా రంగు చెక్కుచెదరలేదు. సింధూరికి ఎగిరి గంతేయాలనిపించింది.

"ఆ రేటు తేడా అందుకేనండీ. కానీ నేల మీద కూర్చుని చూసిన కస్టమరు మీరొక్కరే" అని నవ్వాడు తిరుపతిరావు, ఐపీఎస్‌కు బిల్లు రాస్తూ.

సాయంత్రం చాపలు నిండిపోయాయి. పెళ్లికూతురి నాయనమ్మ పోలేరమ్మ అందరికంటే వెనక, ఓ మూల గోడకు చేరగిలబడింది. పెళ్లికూతురికి నలుగు పెట్టిన పేజీ తెర మీదికి రాగానే ఆవిడ ముందుకు వంగింది.

ముసలావిడ ఉన్నచోటి నుంచే తెర వైపు రెండు చేతులూ చాచి, కణతలకు ఆనించుకుని, పటపటా మెటికలు విరిచింది.

"నా తల్లికి నా దిష్టే తగిలేట్టుంది. ఈ ఫొటో బాగా పెద్దది చెయ్యమ్మాయ్. మా చిన్న మనవరాలి పెళ్లి ఆల్బమ్ కూడా నువ్వే చేద్దువుగాని."