ఎనిమిది మూళ్ళూ, చివర ఒకటీ

మా ఆయన చంద్రశేఖరం మేష్టారు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి ఒకే ఒక్క సూత్రం కనిపెట్టారు. ఒకటికి ముందు ఎన్ని మూళ్ళు పెట్టినా అది ప్రధాన సంఖ్యేనట. 31, 331, 3331... వీటిని ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ నిశ్శేషంగా భాగించలేదట. ఏడు మూళ్ళ దాకా చేత్తో భాగించి చూశారు. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. గ్యాసు స్టవ్వు బాగుచేయించమంటే మాత్రం తీరిక లేదు మహానుభావుడికి.

ఇన్నాళ్ళకి పాత విద్యార్థులంతా కలిసి, ఆ ఏడు మూళ్ళ సంఖ్యని నల్లరాతి మీద చెక్కించి మా ఊరి హైస్కూల్లో పెడతామన్నారు. ఆవిష్కరణకి ముందురోజు పొద్దున్నే రాయి చెక్కే తిరుమలరావు వచ్చాడు.

"మేస్టారూ, ఏడు మూళ్ళు సెక్కీసేను. సివర ఒకటి సెక్కినా, ఇంకో అంకెకి సోటు మిగుల్తాది. ఏటి సెయ్యమంటారు?"

"ఇంకో మూడు పెట్టీవోయ్. ఎన్ని పెట్టినా అంతే!" అన్నారీయన పేపర్లోంచి తలెత్తకుండానే.

మా గుడి ప్రసాదం పదిహేడు అర్చక కుటుంబాలకి వాటా. పంచేది నేను. పంచి పంచి, ఏ అంకె కనబడినా పదిహేడు పెట్టి భాగించడం నాకు జబ్బయిపోయింది. బస్సు టిక్కెట్టు నంబరునీ వదలను. పప్పు ఉడికేలోగా 333333331ని క్యాలెండరు వెనక వేసి చూశాను. చివరికి యాభై ఒకటి తేలింది. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. శేషం సున్నా.

రేపు ఎవడైనా ఫోన్లో నొక్కి చూస్తే ఈయన పరువేం కాను? పరుగున వెళ్ళి చెప్పాను.

"ప్రసాదం లెక్క కాదే ఇది!" అని కసిరారు. తర్వాత తనే చేశారు, మూడుసార్లు. అన్నం ముట్టలేదు. తిరుమలరావుకి ఫోన్ చేస్తే, చెక్కడమూ అయిపోయింది, రాయి పాతడమూ అయిపోయింది. ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మెడలో దండ పడగానే మైకు అందుకున్నారు. "నా సూత్రం తప్పు. ఈ సంఖ్యని పదిహేడు నిశ్శేషంగా భాగిస్తుంది."

పరువు పోతే పోయింది, నిజం చెప్పారు మా ఆయన అని నేను పొంగిపోయాను.

అంతలో హెడ్మాస్టరు నరసింగరావు మైకు లాక్కున్నారు. "తన తప్పుని తానే పట్టుకున్న మహనీయుడు!" ఇక చప్పట్లే చప్పట్లు. సూత్రానికి ఒక శాలువా ముందే కప్పారు, అది తప్పయినందుకు ఇంకోటి తెచ్చారు. ఈయన నావైపు చూసి నోరు తెరిచారు. రెండో శాలువా భుజాన పడేసరికి మూసేశారు.

ఇంటికొచ్చాక వీధి తలుపు గడియపెట్టి, ఆ శాలువా తీసి నా భుజం మీద కప్పబోయారు. "ఇది నీదేనే కామేశ్వరీ."

"ఆ తలుపు తీసి కప్పండి," అన్నాను.

ఆయన కాసేపు గడియకేసి చూశారు. తర్వాత శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టేశారు.