బయటి సాయం

మా వంశంలో పాస్‌పోర్టు వచ్చిన మొట్టమొదటి ప్రాణి మా గుర్రం. దాని పేరు కనకం. పోటీలకి వెళ్లే గుర్రానికి పాస్‌పోర్టు ఉండాలట. పశువుల డాక్టరు దాని చుట్టూ తిరిగి, ఒంటి మీద మచ్చలెన్ని, సుడులెక్కడున్నాయి అని బొమ్మ గీసుకున్నాడు. మెడ కింద సుడి వదిలేశాడని నేనే చూపించాను. ఆయనకి కోపం వచ్చింది. వస్తే రానీ. తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేను. నెమ్మదిగా చెప్పడం అసలే చేతకాదు.

నా పేరు చినబాబు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా చినబాబునే. గజపతినగరం దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికొస్తే మా ఊరు. వరి వేస్తాం, మెట్టన మొక్కజొన్న వేస్తాం. మా నాన్న రోజుల నుంచీ ఇంట్లో ఒక పందెం గుర్రం ఉంటూ వచ్చింది. చుట్టుపక్కల ఏ ఊళ్లో తీర్థం జరిగినా మా గుర్రం పరిగెత్తాల్సిందే. తీర్థంలో గుర్రప్పందెమంటే ఎక్కినవాడి ఒక్కడి పని కాదు. ఊరంతా గట్టు మీద నిలబడి 'లాగరా, వదలరా, ఎడం పక్కకి కొట్టరా' అని గొంతు చించుకుంటుంది. ఊరందరి గొంతులూ ఒకెత్తు, నాదొక్కటీ ఒకెత్తు. మేం గెలిచిన పందేల్లో సగం నా నోటితో గెలిచామని నా లెక్క. మా ఆవిడ ఈశ్వరి లెక్క వేరే ఉంది, అది ఇక్కడ అనవసరం.

మా పెద్దవాడి కూతురు యమునకి పద్నాలుగేళ్లు. ఎనిమిదో ఏట నుంచి కనకం మీద ఎక్కుతోంది. ఒకరోజు అది కనకం చేత పొలం కాలువ దాటిస్తుంటే గిరిబాబు చూశాడు. గిరిబాబు సైన్యంలో గుర్రాల దళంలో పనిచేసి రిటైరై వచ్చి, విజయనగరం రోడ్డులో ఐదు గుర్రాలతో సవారీ బడి పెట్టినవాడు. నాకు వరసకి అల్లుడవుతాడు. బండి ఆపి చాలాసేపు చూసి, "మావా, ఈ గుంటని పోటీలకి అంపుదాం" అన్నాడు.

పోటీలంటే నాకు తెలిసిన పందేలే అనుకున్నాను. తీరా చూస్తే దానికో నిబంధనల పుస్తకం. ఇంగ్లీషులో ఉంటే యమున చదివి చెప్పేది. కర్రలు కట్టిన అడ్డంకులు పదీ పన్నెండూ ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. వరస తప్పకుండా దూకాలి. ఎర్ర జెండా కుడిచేతికి, తెల్ల జెండా ఎడంచేతికి ఉండేలా దూకాలి. గంట కొట్టకముందు బయల్దేరితే ఇంటికే. కర్ర పడితే నాలుగు తప్పులు. ఒక అడ్డంకి వదిలేసి ఇంకోటి దూకితే గంట కొట్టి బయటికి పంపించేస్తారు.

జాతీయ పోటీలకి వెళ్లాలంటే ఈ ఏడాది రెండు వేర్వేరు పోటీల్లో, అదే గుర్రం మీద, ఒక్కోదాంట్లో ఎనిమిది తప్పులు మించకుండా రౌండు పూర్తి చేయాలి. వయసు కూడా పుట్టినరోజు నుంచి లెక్కపెట్టరు, ఏ సంవత్సరంలో పుట్టావన్నదే చూస్తారు. ఆ లెక్కన యమునకి పిల్లల విభాగంలో ఇదే ఆఖరి ఏడాది. పై విభాగంలో కర్రలు ఎత్తు పెడతారు. కనకం మా ప్రాంతపు పొట్టి గుర్రం, అంతెత్తు దూకలేదు. వేరే గుర్రం కొనే తాహతు మాకు లేదు. అంటే ఈ ఏడాది కాకపోతే ఇక లేనట్టే.

ఇవన్నీ నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది ఒక్కటే. బయటివాళ్లెవరైనా అరిచిగానీ, ఈల వేసిగానీ, చెయ్యి ఊపిగానీ దారి చెప్తే, ఎక్కిన పిల్లని పోటీ నుంచి తీసేస్తారు. దాన్ని బయటి సాయం అంటారట.

"ఇదేటి రూలు? సాయం సేస్తే తప్పేటి?" అన్నాను.

"మావా, ఇది తీర్థం కాదు. నోరు కట్టేసుకో" అన్నాడు గిరిబాబు.

కట్టేసుకుందామనే వెళ్లాను మొదటి పోటీకి. మూడు అడ్డంకుల దాకా బిగబట్టాను కూడా. నాలుగో దాని దగ్గర కనకం మెల్లబడింది. దాని సంగతి నాకు తెలుసు, మెల్లబడితే ఆగిపోతుంది. "మడమెట్టి కొట్టే!" అని ఒక్క కేక వేశాను. ఆ కేకకి కనకం దూకింది. పక్క మైదానంలో క్రికెట్ ఆడుతున్నవాళ్లు ఆట ఆపి ఇటు చూశారు. గంట మోగింది. యమున కళ్లెం వదులు చేసి మెల్లగా నడిపించుకుంటూ బయటికి వచ్చింది. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక ఈశ్వరి అంది. ఆ పిల్ల అనాల్సినవన్నీ కలిపి తనే అంది. "నోరా అది, రైస్ మిల్లు సైరనా?" దగ్గర మొదలుపెట్టి అన్నం గిన్నె ముందుకు తోసేదాకా అంటూనే ఉంది.

రెండో పోటీకి నన్ను తీసుకెళ్లలేదు. కోతలున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. యమున నాలుగు తప్పులతో పూర్తి చేసింది. ఒకటి చేతికొచ్చింది. ఇక మిగిలింది ఒక్క పోటీ, దొరకాల్సింది ఒక్క రౌండు. అది విజయనగరం శివార్లలో, నవంబరు నెలలో ఒక ఆదివారం.

దానికీ నన్ను వద్దనే అన్నాడు గిరిబాబు. యమునే ఒప్పుకోలేదు.

"తాత రావాల. తాత సూడకపోతే నాకు బాగోదు" అంది.

ఆ మాటకి నా గుండె గజం పొంగింది. నోరు విప్పనని కనకం మీద ఒట్టేశాను. ఈశ్వరి నమ్మలేదు. నా తువ్వాలు మడత పెట్టి చేతికిచ్చి, "నోట్లో కుక్కుకో" అంది. నవ్వులాటకి అనలేదు.

పొద్దున్న ఆరింటికే చేరిపోయాం. కనకాన్ని వ్యాను దించి, నీళ్లు పెట్టి, బోర్డు దగ్గరికి వెళ్లాను. అడ్డంకులు ఏ వరసలో దూకాలో బొమ్మ గీసి అంటించారు. పది నిమిషాలు నిలబడి మొత్తం నోటికి పట్టేశాను. ఆరోది నీలం కర్రలు. దాని తర్వాత దారి చీలుతుంది. ఎడం పక్కకి తిరిగితే తెల్ల గోడలాంటిది, అది ఏడు. కుడిపక్క ఆకుపచ్చ కర్రలు, అవి తొమ్మిది. చీలిక దగ్గరే పిల్లలు పొరబడతారని అప్పుడే అనుకున్నాను. చెప్పేందుకు వీల్లేదు కాబట్టి చెప్పలేదు. నాలుగు ఇడ్లీలు తిని, తెచ్చుకున్న చోడంబలి తాగి, కనకం ఒళ్లు రుద్దుతూ కూర్చున్నాను.

పెద్దవాళ్ల విభాగం అయ్యాక పిల్లలు మైదానంలోకి దిగి అడ్డంకుల మధ్య కాలినడకన తిరిగి చూసుకున్నారు. యమున గిరిబాబుతో నడుస్తూ ఏదో గొణుక్కుంటోంది. తర్వాత వచ్చి గుర్రం ఎక్కింది. హెల్మెట్ పట్టీ బిగించుకుంది. నా వైపు చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. నేను తువ్వాలు చూపించాను. నవ్వింది.

నేను తాడు అవతల నిలబడ్డాను. చేతికి పసుపు పట్టీ కట్టుకున్న ఒకమ్మాయి నా పక్కనే వచ్చి నిలబడింది. బయటి సాయం చేసేవాళ్లని పట్టుకోవడమే ఆమె పని. ఇంతమందిలో నా పక్కనే ఎందుకు నిలబడిందో గిరిబాబుని అడగాలి.

గంట కొట్టారు. ఒకటి, రెండు, మూడు చక్కగా దాటింది. నాలుగో దాని దగ్గర కనకం కాలు తగిలి కర్ర పడింది. నాలుగు తప్పులు. ఐదు దాటింది. ఆరోదానికి ఇంకో కర్ర దొర్లింది. ఎనిమిది. ఇంకొక్క కర్ర పడినా, ఒక్కసారి కనకం మొండికేసి ఆగినా, అంతా అయిపోయినట్టే.

అప్పుడు చీలిక వచ్చింది. యమున వేగం తగ్గించింది. తలెత్తి సరాసరి నా వైపు చూసింది.

ఎడం పక్కకి! అది నా గొంతు దాకా వచ్చేసింది. రెండు చేతులతో తువ్వాలు నోట్లోకి తోసుకున్నాను. పసుపు పట్టీ అమ్మాయి నన్నే చూస్తోంది. తలూపకూడదు, కన్ను కదపకూడదు. యమున కళ్లెం కుడి పక్కకి లాగింది. ఆకుపచ్చ కర్రల వైపు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్క కేక వేస్తే ఇంకా తిప్పుకోవచ్చు. మైదానం నిండా చప్పుడు, ఈ అమ్మాయికి సరిగ్గా వినబడకపోనూ వచ్చు. అయినా అరవలేదు. కళ్లు మూసుకున్నాను. డెక్కల చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. గంట కోసం చూస్తున్నాను.

గంట మోగలేదు.

కళ్లు తెరిచేసరికి యమున తెల్ల గోడ కూడా దాటేసి చివరి మలుపులో ఉంది. మిగతావి ఎలా దాటిందో నాకు తెలీదు, నేను తువ్వాలు నమలడంలో ఉన్నాను. మైకులో పేరు, ఊరు, ఎనిమిది తప్పులు, సమయం సరిపోయింది అని చెప్పారు. గిరిబాబు గాల్లోకి ఎగిరాడు. అరవై కిలోల మనిషి కాదు వాడు, తొంభై ఉంటాడు.

"గిరీ, ఆకుపచ్చది తొమ్మిది కదా?" అన్నాను తువ్వాలు తీసి.

"అది పెద్దోల్ల రౌండుకి మావా. పిల్లలకి నంబర్లు మార్సీసి కొత్త కాయితం అంటించారు. నువ్వు ఇడ్లీలు తింతన్నప్పుడు."

నేను కేక వేసి ఉంటే, పసుపు పట్టీ అమ్మాయికి చెవుడే ఉన్నా, ఆ పిల్లని నా నోటితో తప్పుదారిలో పెట్టి ఇంటికి తీసుకొచ్చేవాణ్ని. తీర్థాల్లో ఎన్నిసార్లు ఇలాగే అరిచానో, ఎన్ని పందేలు నా వల్ల పోయాయో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

యమున గుర్రం దిగి పరిగెత్తుకొచ్చి నన్ను చుట్టేసుకుంది. ఒళ్లంతా చెమట, మొహమంతా దుమ్ము.

"నీ మూలానే తాతా! ఆ మలుపు కాడ గాబరా వచ్చేసింది. నిన్ను సూసాను. తప్పయితే నువ్వు అరవకుండా ఉండలేవు కదా. అరవలేదు, అంటే ఇదే దారి అనీసుకున్నాను. నేషనల్స్‌కీ నువ్వు రావాల. తాడు కాడ నిలబడాల. నిన్ను సూసుకుంటా ఎల్లిపోతాను."

పక్కన గిరిబాబు పకపకా నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. అబద్ధం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. అవునే తల్లీ, నాకన్నీ తెలుసు అంటే సరిపోయేది. జీవితమంతా ఆ మాటే అంటూ బతికినవాణ్ని. కాని రేపు అక్కడ మైదానంలో అది నా మొహం చూసి దారి ఎంచుకుంటుంది. ఆ మొహానికి ఏం తెలుసో నాకిప్పుడు తెలిసింది.

"ఒసే, నాను తప్పనుకున్నానే. ఎడం పక్కకే ఎల్లాలనుకున్నాను. నా లెక్కే తప్పు" అన్నాను.

యమున నా మీద నుంచి చేతులు తీసేసింది. మొహం చిన్నబోయింది. కాసేపు ఏదో లెక్క వేసుకుంది.

"తప్పనుకుంటే ఎందుకు అరవలేదు? తప్పు దార్లో ఎల్తే ఎలగూ తీసేద్దురు కదా. అరిస్తే పోయేదేటి?"

నిజమే. పోయేదేం లేదు. ఆ క్షణంలో నాకు ఈ లెక్క తోచిందో లేదో తెలీదుగాని, తువ్వాలు నోట్లోకి తోసింది మాత్రం నా చేతులే. వాటినెవరూ పట్టుకోలేదు.

"ఏమో, నీకు తెలిసే ఎల్తన్నావేమో అనిపించింది" అన్నాను.

అరవై ఎనిమిదేళ్లలో గట్టు మీద నిలబడి నేను అలా అనుకోవడం అదే మొదలు. చెప్తుంటే సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

యమున ఆకుపచ్చ కర్రల వైపు తిరిగి చూసింది. చూసి, చూసి, నెమ్మదిగా అంది.

"తెలిసే ఎల్లాను తాతా. నడిసినప్పుడు అడుగులు లెక్కెట్టుకున్నాను, నీలం కాన్నుంచి ఆకుపచ్చకి ఇరవై రెండు. నిన్ను సూడకముందే చెయ్యి కుడిపక్కకి ఎల్లిపోనాది. నీకేసి సూడ్డం అలవాటు, అంతే."

"మానీ అలవాటు" అన్నాను.

"మానీస్తాను" అంది.