కుప్పమ్మ ఇంటి మాట

నగరి బస్టాండు ఎదురుగా జయరావు సెల్‌ఫోన్ల అంగడిలో పొద్దున పది నుంచీ గ్రేసీకి ఒకటే పని. కొత్త ఫోను అట్టపెట్టెలోంచి తియ్యడం, సిమ్ము వెయ్యడం, భాష అడిగిన చోట భాష, ఊరు అడిగిన చోట ఊరు పెట్టి, వేలిముద్ర పట్టించి కొన్నవాళ్ళ చేతికివ్వడం. ఈ పక్క అమ్మే ఫోన్లకని కంపెనీవాళ్ళు తెలుగూ అరవమూ వేసి పంపిస్తారు. వాటి కింద మూడో వరుస మాత్రం గ్రేసీ బల్ల మీద పెట్టినాక దానంతటదే పడుతుంది. అందులో కొన్నవాళ్ళ ఇల్లు ఉంటుంది. దాన్ని నొక్కిన దేవనాథన్ అయ్యవారి ఫోను ‘అడియేన్’ (దాసుణ్ణి) అననిదే ఒక్క ప్రశ్నా అడగలేదు. చెంగయ్య ఫోనైతే ‘వేచి ఉండండి’ అనాల్సిన చోట ‘రవ్వంతసేపు కూసోనుండప్పా, కొంపలేం మునిగిపోలా’ అనింది. ఇందులో వింతేముంది, ఎవరింటి మాట వాళ్ళది. జయరావు బోర్డు కూడా రాయించేశాడు: ‘సొంతింటి మాట ఉచితం.’ వ్యాపారం తెలిసినవాడు మరి.

ఆ శుక్రవారం మునిలక్ష్మి బట్టల సంచి పట్టుకుని వచ్చింది. వెంట అన్న మునిచంద్ర, అత్త కుప్పమ్మ. పన్నెండు గంటల బస్సుకు అన్నతో శ్రీకాళహస్తి పోవాలి, ఇంక పుట్టింట్లోనే ఉండిపోవాలి. మొగుడు ధర్మేంద్ర తిరుప్పూరులో ఇంకోదాన్ని కట్టుకుని రెండేళ్ళయింది. అప్పటినుంచీ అత్తాకోడళ్ళిద్దరే రెండు మరమగ్గాలు ఆడించుకుంటూ బతుకుతున్నారు.

“కొడుకే లేనింట్లో కోడలికేం పని?” అన్నాడు మునిచంద్ర, మూడు రోజుల కింద వచ్చినప్పుడు.

“తీసుకోనిపోప్పా, చిన్నపిల్ల” అనేసింది కుప్పమ్మ. ఈ పిల్ల బతుకంతా తన మగ్గాల మధ్యే తెల్లారిపోతుందని ఆమె భయం. మునిలక్ష్మేమో అత్త ఒక్కసారి ‘ఉండు మే’ అంటుందని మూడు రోజులూ చెవులు రిక్కించుకుని తిరిగింది. ఆమె అనలేదు. బరువైపోయినానేమో అనుకుని ఈమె సంచి సర్దుకుంది. రోషానికి ఇద్దరూ ఇద్దరే. మగ్గాల మోతలో గొంతు చించుకుని అరుచుకునేవాళ్ళు, అసలు మాట దగ్గర బెల్లం కొట్టిన రాళ్ళైపోయారు.

మునిచంద్ర చెడ్డవాడేం కాదు. ఒకే రకం ఫోన్లు రెండు కొన్నాడు, చెల్లెలికొకటి, అత్తకొకటి. “దూరమైతే ఏమి, దినామూ మాట్లాడుకుందురు” అన్నాడు.

గ్రేసీ ముందు మునిలక్ష్మి ఫోను తెరిచింది.

“మాది కాళహస్తిలే పాపా. మా నాయన మాట వస్తాది సూడు” అన్నాడు మునిచంద్ర.

“‘కుప్పమ్మ ఇంటి మాట’ అని పడిందన్నా.”

“తప్పు పడిండాది. తుడిపేసి మల్లా చెయ్యి.”

తుడిపేసి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఊరు శ్రీకాళహస్తి అని పెట్టి చూసినా అదే. మునిలక్ష్మి తల ఎత్తలేదు. ఎవరికీ చెప్పని గుట్టు ఎవరో సంతలో చదివినట్టు సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే ఏడుపు.

“ముందు అవ్వది చేస్తాలే” అంది గ్రేసీ.

“నాదేముండాది, ముప్పై ఏండ్లుగా అది నా ఇల్లే గదా” అంది కుప్పమ్మ.

గ్రేసీ మూడో వరుస చూసి ఫోను ఆమె వైపు తిప్పింది.

“నాకు అచ్చరం రాదు. నువ్వే సదువు.”

“‘మునిలక్ష్మి ఇంటి మాట’, అవ్వా.”

కుప్పమ్మ ఆ వెలుతురు వైపు వంగింది. నూలు కోసిన గాట్లున్న వేలు చాపి నొక్కింది. మగ్గాలింటి ఫోను కదా, గట్టిగానే అరిచింది: “ఏమ్మే, సంగటి సల్లారిపోతాంది, యాడుండావు?” అంగడంతా వినబడింది. రోజూ మధ్యాహ్నం కుప్పమ్మ కోడల్ని పిలిచే పిలుపు అది. తెర మీద ‘ముందుకు’ అని ఉండాల్సిన చోట ‘ఇంటికి పదాం’ అని ఉంది.

“దీనికుండే నోరు నాకు లేకపాయ” అంది కుప్పమ్మ. “ఉండు మే అంటే నీ బతుకు పాడు చేస్తానేమోనని...”

“ఆ మాట కోసరమే మూడు దినాలు సూసినా అత్తా” అంది మునిలక్ష్మి. కళ్ళు తుడుచుకుని అటు తిరిగింది. “అన్నా, నేను రాను.”

“ఆ పొద్దే చెప్తే సరిపోయేది గదమ్మా” అన్నాడు మునిచంద్ర.

“ఎవురడిగినారన్నా? ఈ ఫోను తప్ప.”

అతను చెల్లెలి చేతిలోంచి సంచి తీసుకుని భుజానికేసుకున్నాడు. బస్టాండు వైపు కాదు, మగ్గాల వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఒకింట్లోనే రెండు ఫోన్లెందుకు, ఒకటి వాపసు తీసుకోమందునా?” అని అడిగింది గ్రేసీ.

“రెండూ ఉండనీ పాపా” అంది కుప్పమ్మ. “మగ్గాల మోతలో అరిసరిసి గొంతు పోతాంది.”

మునిలక్ష్మి ఫోనులో ఇంకో ప్రశ్న మిగిలింది, ఊరు ఏదని. ఈసారి గ్రేసీని పెట్టనివ్వలేదు. తన వేలితో తానే ‘నగరి’ అని పెట్టింది. కింద ‘ఇంటికి పదాం’ అని వచ్చింది, నొక్కింది.